కేక వేస్తే మిల్లు ఆగిందా?

పని చేసే చోట చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకోవచ్చా, కూడదా అని ఈ మధ్య ఎక్కడ చూసినా వాదన నడుస్తోంది. మొన్న మా వీధిలో కంప్యూటర్ ఉద్యోగం చేసే కుర్రాడొకడు వచ్చి, "మా ఆఫీసులో పెద్దోళ్ళు ఇది మర్యాద కాదంటాండారు సార్, మీరేమంటారు?" అని అడిగాడు. "నేనేమీ అనను, నా మిల్లులో జరిగింది చెబుతా, విను" అన్నాను. వాడు విన్నాడు. ఇప్పుడు మీరూ వినండి. హెడ్‌ఫోన్లు తీసి వింటారో, పెట్టుకుని చదువుతారో మీ ఇష్టం.

నేను పామిడి పక్కన ఒక వేరుశనగ మిల్లులో, మా మాటలో చెనక్కాయల మిల్లులో, సూపర్‌వైజరుగా పనిచేసి రిటైరయ్యాను. మా జిల్లాలో వాన ఎన్నిసార్లు మోసం చేసినా మళ్ళీ చెనక్కాయే వేస్తాం. ఆ నమ్మకం మీద నడిచే మిల్లులో నమ్మకాలను ప్రశ్నించే మనిషిగా నాకు పేరు. వయసులో ఉన్నప్పుడు అనంతపురంలో సాయంత్రం చర్చా సభలకు పోయేవాణ్ణి. దయ్యాలు, జాతకాలు, కులం, దేవుడు, అన్నిటి మీదా అక్కడ గొంతులు చించుకునేవాళ్ళం. అరవడం కాక అక్కడ నేర్చుకున్న మంచి పద్ధతి ఒకటుంది. ఎదుటివాడి వాదనను వాడే తలూపేటట్టు ముందు నువ్వు చెప్పాలి. ఆ తర్వాతే ఖండించాలి. వినడానికి తేలిక. చేసి చూడండి, కోపం వచ్చినప్పుడు ఎంత కష్టమో తెలుస్తుంది.

మిల్లు అంటే ఒకటే పెద్ద షెడ్డు. ఒక కొసన కాయ కొట్టి విత్తనాలు వేరుచేసే మిషను. దాని నుంచి పొడుగ్గా ఒక బెల్టు. బెల్టు ముందు వరుసగా కూర్చున్న ఆడవాళ్ళు పుచ్చులు, రాళ్ళు, ముడత విత్తనాలు ఏరిపారేస్తారు. రెండో కొసన గోడకు మెయిన్ స్విచ్చి, దాని కింద స్టూలు మీద ఒక పెద్దాయన. ఆడవాళ్ళ వీపుల వెనక ఎత్తుగా ఒక చెక్క పలక. దాని మీద మేస్త్రీ నిలబడతాడు. బెల్టులో ఏదైనా ఇరుక్కుంటే మేస్త్రీ "ఆపప్పా!" అని కేక వేస్తాడు, స్విచ్చి పెద్దాయన ఆపేస్తాడు. ఇదీ మా మిల్లు ఆచారం.

ఆ కేకకు మా చుట్టుపక్కల పెద్ద పేరు. హైవే మీద లారీవాళ్ళు కూడా ఆ కేక వింటే బ్రేకు వేస్తారని చెప్పుకునేవాళ్ళు. గొంతు చెడిపోకూడదని మేస్త్రీకి పొద్దున్నే మిల్లు తరఫున మిరియాల పాలు వచ్చేవి. కొత్తగా పనికి చేరినవాళ్ళకు మిషను కన్నా ముందు మేస్త్రీ గొంతును పరిచయం చేసేవాళ్ళం. నేను కూడా చేశాను. ఆ మోతలో ఆడవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడాలంటే తలలు ఆనించుకుని చెవిలో అరవాల్సి వచ్చేది. అది రోజూ నా కళ్ళముందు జరిగేది. దాని అర్థం మాత్రం అంత తర్కం చదివిన నా బుర్రకు ఏనాడూ తట్టలేదు.

నా ఆఖరి సీజన్లో వరుసలోకి ఒక పిల్ల హెడ్‌ఫోన్లు పెట్టుకుని వచ్చింది. పిల్ల అంటున్నాను గానీ, బడికి పోయే కూతురున్న తల్లి. తనకల్లు వైపు మెట్ట ఊరి మనిషి. మొగుడు వదిలేసి బెంగుళూరులో ఇంకెవరితోనో ఉంటే, కూతుర్ని తీసుకుని మా ఊళ్ళో మేనత్త దగ్గరికి వచ్చింది. అంతకు ముందు సీజన్లో కూడా పనిచేసింది, చెవులకు ఏమీ లేకుండా. ఈసారి చెవులను పూర్తిగా మూసే ఎర్ర హెడ్‌ఫోన్లు. కళ్ళు విత్తనాల మీద, చేతులు బెల్టు మీద, పనిలో వంక పెట్టడానికి లేదు. ఒకటే ఇబ్బంది. అప్పుడప్పుడు తనలో తనే పకపకా నవ్వేది.

ఆ నవ్వు వరుసకు పడలేదు. మనల్ని చూసి నవ్వుతోందని కొందరు. గాలి సోకిందని కొందరు. తాయెత్తు కట్టించమని ఒకామె నాకే సలహా ఇచ్చింది! నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషి ఏడిస్తే ఎవరికీ అనుమానం రాదు, ఒంటరి ఆడది నవ్వితే దయ్యం పట్టినట్టా?

అన్నం వేళ మిషను ఆగినప్పుడు ఆమెను పిలిచి అడిగాను.

"ఏం వింటాండావమ్మా?"

"కామెడీ సార్. ఒకోసారి పాటలు. ఒకోసారి ఏమీ లేదు, ఊరికే పెట్టుకుంటా. ఈ మోత తగ్గుతాది."

"పక్కనోళ్ళ మాటలు వినొద్దా మరి?"

"వాళ్ళ మాటలు ఇంటే ఏడ్చాల్ల సార్. ఇనకుంటే నవ్వుతాండా. ఏది మేలో మీరే చెప్పండి."

ఎన్నో సభల్లో ఎన్నో వాదాలు విన్నాను. ఇంత పొట్టిగా, ఇంత గట్టిగా చెప్పినవాళ్ళు తక్కువ. పక్కనవాళ్ళ మాటలేమిటో నాకు తెలియనివి కావు. నీ మొగుడు యాడుండాడు, ఆ బెంగుళూరామెకు పిల్లోళ్ళు పుట్టినారంట కదా, నువ్వేం తక్కువ చేసినావు. చెవిలో నోరు పెట్టి రోజంతా ఇవే. పోయిన సీజన్లో ఆ మాటలు పడలేకే ఆమె మధ్యలో పని మానేసింది.

తర్వాత కొన్నాళ్ళకు అసలు గొడవ వచ్చింది. వరుసలో అందరికన్నా పెద్దది ఒకామె ఉండేది, అందరూ పెద్దక్క అనేవాళ్ళు. ఆమె చీర కొంగు బెల్టు కింద రోలరులో పడింది. లాక్కుపోతోంది. ఆమె వెనక్కి వాలి చెయ్యెత్తింది. మేస్త్రీ చూసి కేక వేశాడు, మిషను ఆగింది. కొంగు సగం చిరిగిపోయింది గానీ మనిషికి గీత పడలేదు.

అందరూ మేస్త్రీ చుట్టూ చేరారు. "నీ గొంతు సల్లగుండనీ మేస్త్రీ, నా పానం నిలబెట్టినావు" అని పెద్దక్క ఆయన చేతులు పట్టుకుంది. మేస్త్రీ చేతులు విడిపించుకుని ఆ పిల్ల వైపు తిరిగాడు.

"చూసినావామ్మే? ఆ కొంగు నీదైంటే? నేను అరిస్తే నీకు ఇనపడేదా? పక్కనోళ్ళు పడిపోతాన్నా నీకు తెలిసేదా? దాన్ని తీసి పారెయ్, లేదంటే రేపట్నుంచి రావాకు!"

"తీసేది లేదు మామా" అంది ఆ పిల్ల. గొంతు చిన్నదే. మాట మాత్రం వెనక్కి పోలేదు.

మేస్త్రీ అప్పుడే యజమానికి ఫోన్ చేశాడు. సోమవారం వస్తాను, అప్పుడు తేలుస్తాను, అంతవరకు ఆమెను రానీయమన్నాడు యజమాని.

ఆ ఏడు వానల్లేవు. చేలల్లో కూలి పని లేదు. ఈ మిల్లు పోతే ఆమెకు మిగిలింది బెంగుళూరు బస్సే. నేను నచ్చజెప్పబోయాను. "నాలుగు రోజులు తీసి పక్కన పెట్టరాదా అమ్మా?"

"తీసినానంటే మళ్ళా మొదలు సార్. అవన్నీ ఇనుకుంటా నేను ఈ బెల్టు కాడ కూసోలేను. పోయినసారి చూసినారు కదా. ఇది ఉంటేనే పని, పని ఉంటేనే పాపకు బడి. బెంగుళూరులో బిల్డింగుల కాడ ఇసక మోస్తాంటే దాన్ని ఏ బడికి పంపేది?"

దాంతో నాలో పాత సభల మనిషి లేచాడు. మర్నాడు అన్నం వేళ అందర్నీ కూర్చోబెట్టి వ్యక్తి స్వేచ్ఛ మీద ఉపన్యాసం దంచాను. చెవి ఎవరిది, మనసు ఎవరిది, స్త్రీ ఏం వినాలో నిర్ణయించే హక్కు ఎవరికుంది అని చేతులు ఊపి మరీ చెప్పాను. వాళ్ళు చెనక్కాయలు నములుతూ శ్రద్ధగా విన్నారు. అయిపోయాక పెద్దక్క అంది: "బాగా చెప్పినావు సారూ. మరి కొంగు పట్టుకుంటే ఏం చేయాల్ల?"

వాదన నాది, ప్రశ్న ఆమెది, గెలిచింది ప్రశ్న.

అప్పుడు గుర్తొచ్చింది నా పద్ధతి నేనే తప్పానని. మేస్త్రీ వాదన ఏమిటి? ప్రమాదం వచ్చినప్పుడు కేకే దిక్కు. చెవి మూసుకున్న మనిషికి కేక వినపడదు. కాబట్టి చెవి మూసుకోవడం తనకూ పక్కవాళ్ళకూ ప్రమాదం. ఇందులో దురహంకారం లేదు, మూఢత్వం లేదు. ప్రాణాల మీద ప్రేమ ఉంది. దీన్ని స్వేచ్ఛ అనే మాటతో కొట్టిపారేయడానికి లేదు. కొట్టేస్తే నేను హేతువాదిని కాను, వట్టి గొంతుగాణ్ణి.

ఆదివారం ఇంట్లో కూర్చుని ఆ వాదనను ముక్కలు చేసి చూశాను. రెండో ముక్క నిజం, మూడో ముక్క మొదటి రెండిటి నుంచి వచ్చింది. మొదటి ముక్క? కేకే దిక్కు అని ఎవరు చెప్పారు? మేస్త్రీ అరిచాడు, మిషను ఆగింది. అరిచినందుకే ఆగిందా? యాగం చేసిన వారంలో నాలుగు చినుకులు రాలితే యాగమే కురిపించిందని ఊరేగింపు తీసే ఊళ్ళో పుట్టి పెరిగినవాణ్ణి నేను. ఆ ఊరేగింపుకు అడ్డం నిలబడి ప్రశ్నలు వేసినవాణ్ణి. నా మిల్లులో నా ముక్కు కింద ఒక మంత్రం నడుస్తుంటే ఒక్క ప్రశ్న అడగలేదు!

సోమవారం యజమాని వచ్చాడు. భూములున్న కుటుంబం, రాజకీయాల్లోనూ తిరుగుతాడు. పందెం అంటే ఆయనకు చెవి కోసుకునేంత ఇష్టం. అది తెలిసే అడిగాను.

"మేస్త్రీ కేక అందరికీ వినపడుతుందని తేలితే ఆ హెడ్‌ఫోన్లు నేనే తీయిస్తానన్నా. వినపడదని తేలితే ఇంక ఆమె జోలికి ఎవరూ పోకూడదు. పరీక్ష పెడదాం."

"పరీచ్చా? నా గొంతుకా?" మేస్త్రీ నవ్వాడు. "పెట్టన్నా, ఇప్పుడే పెట్టు! ఆ మాత్రం దానికి మిరియాల పాలు గూడా అక్కరలేదు."

మిషను పూర్తి వేగంతో నడిపించాం. ఆడవాళ్ళంతా తలలు వంచి మామూలుగా ఏరుకోవాలి, కేక వినపడినవాళ్ళు చెయ్యెత్తాలి. ఆ పిల్ల హెడ్‌ఫోన్లతోనే కూర్చుంది. మేస్త్రీ పలకెక్కాడు. యజమాని, నేను పక్కన నిలబడ్డాం. మేస్త్రీ గుండెల నిండా గాలి పీల్చి అరిచాడు.

వరుస ఈ కొసన, పలకకు అతి దగ్గర కూర్చున్న ఒక్కామె చెయ్యెత్తింది. మిగతా వీపులేవీ కదల్లేదు. చెవులు మూసుకున్న పిల్లా కదల్లేదు, చెవులు బార్లా తెరుచుకున్న పెద్దక్కా కదల్లేదు. గెలిచాననుకున్నాను. కానీ అంతలోనే మిషను ఆగిపోయింది.

"చూసినావా!" మేస్త్రీ యజమాని వైపు తిరిగాడు. "ఆడోళ్ళు ముచ్చట్లలో పడి ఇనలేదు. స్విచ్చి కాడ మనిషికి ఇనపడలా? ఆ కొసన ఉన్నోడికి ఇనపడితే ఈడ ఇనపడదా?"

"మేస్త్రీ గెలిచినట్లే కదప్పా" అన్నాడు యజమాని నాతో.

ఆ పిల్ల వెనక్కి తిరిగి మా ముఖాలు చూసింది. చెవుల మీదున్నవి మెల్లగా మెడ మీదికి దించుకుంది. ఓడిపోయాననుకుంది. ఆ ముఖం నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

మేస్త్రీ అరిచినప్పుడు ఆయన చెయ్యి కూడా లేవడం నా కంట పడింది. "ఇంకొక్కసారి" అన్నాను. "మేస్త్రీ, నీ భుజం మీద తువ్వాలు ఇటివ్వు. చేతులు రెండూ వెనక్కి కట్టుకో."

"చేతులెందుకన్నా? అరిసేది నోటితో కదా!"

"అందుకే. నోరు చాలు కదా."

మళ్ళీ మిషను తిరిగింది. మేస్త్రీ చేతులు వెనక్కి కట్టుకుని అరిచాడు. మిషను తిరుగుతూనే ఉంది. ఇంకోసారి అరిచాడు. స్విచ్చి పెద్దాయన నేరుగా మా వైపే చూస్తూ స్టూలు మీద నిమ్మళంగా కూర్చున్నాడు. మేస్త్రీ నోరు తెరిచి ఉండటం ఆయనకు కొత్త కాదు మరి. మేస్త్రీ మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళు ఎర్రబడ్డాయి, చెనక్కాయ పొట్టు గొంతులోకి పోయి దగ్గు వచ్చింది. దగ్గు మింగి, ఊపిరి బిగబట్టి, తన జీవితంలోనే పెద్ద కేక మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడు నేను ఒక్క మాట లేకుండా తువ్వాలు పైకెత్తి ఊపాను.

మిషను టక్కున ఆగింది. ఆ నిశ్శబ్దంలోకి మేస్త్రీ కేక మిగతా సగం "...పప్పా!" అని పిడుగులా పడింది. ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా ఎగిరిపడ్డారు. షెడ్డు దూలాల మీది పావురాలు లేచిపోయాయి.

స్విచ్చి పెద్దాయన గబగబా నడిచి వచ్చాడు. "ఏమైందన్నా? నువ్వు ఊపుతాండావేంది తువ్వాలు? ఊపేది మేస్త్రీ కదా?"

"నా కేక ఇనపడలేదా నీకు?" మేస్త్రీ గొంతు జీరబోయింది.

"కేకనా? ఈ మోతలో యాడ ఇనపడుతాదప్పా! చేరినప్పట్నుంచి నీ తువ్వాలే చూస్తాండా. నోరెందుకు తెరుస్తావో నాకేం తెలుసు? ఆవలిస్తాండావనుకుంటి."

మొదట నవ్వింది ఆ పిల్లే. చెవులకు ఏమీ లేకుండా, అందరిలో, పకపకా. ఆ వెంటనే పెద్దక్క, ఆమె పక్కామె, ఆ తర్వాత వరుసంతా విరగబడి నవ్వింది. యజమాని గోడకు ఆనుకుని కళ్ళు తుడుచుకున్నాడు. ఆ నవ్వుకు ఎవరూ తాయెత్తు కట్టమనలేదు.

మేస్త్రీ పలక మీద కూలబడ్డాడు. గెలిచిన సంతోషంలో ఆ మనిషిని అలా వదిలేసి ఉంటే నా గెలుపు చవకైపోయేది. పక్కన కూర్చుని తువ్వాలు ఆయన భుజం మీద వేశాను. "మేస్త్రీ, పెద్దక్కను కాపాడింది నువ్వే. అందులో అబద్ధం లేదు. నీ కన్ను చూసింది, నీ చెయ్యి లేచింది. గొంతు ఊరికే తోడొచ్చింది." ఆయన తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు, అప్పుడే ఎవరో కొత్తగా ఇచ్చినట్టు.

నవ్వులు ఆగాక పెద్దక్క లేచింది. "నవ్వింది చాలు. మేస్త్రీ ఆ పొద్దు పక్కకు తిరిగింటే నా గతేంది? ఎవరి గొంతూ వద్దు, ఎవరి తువ్వాలూ వద్దు. మిషను ఆపేది నా చేతికి అందాల్ల."

"అది కుదరాలంటే చానా పనుంటుంది పెద్దక్కా" అని యజమాని నసిగాడు.

పెద్దక్క చిరిగిన కొంగును ఆయన ముఖానికి ఎదురుగా పట్టుకుంది. ఆ వారంలోనే బెల్టు పొడవునా ఒక తాడు వచ్చింది. ఎవరు లాగినా మిషను ఆగుతుంది. అందరికీ కనపడేటట్టు ఒక ఎర్ర బల్బు కూడా వచ్చింది. మేస్త్రీ కేక మీద బతికిన మిల్లు తన ప్రాణాన్ని మొదటిసారి తన చేతుల్లోకి తీసుకుంది. దానికి కారణం ఎవరు? గాలి సోకిందని మేం అనుమానించిన మనిషి!

ఆ పిల్ల కూడా న్యాయం తప్పలేదు. ఎవరూ అడగకముందే, "బయట లారీలు వెనక్కొచ్చే కాడ తీసేస్తా సార్, ఆడ నాకే భయం" అంది. నేను ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా ఇంత మంచి నియమం రాయలేకపోయేవాణ్ణి. చెవితో ప్రాణం నిలిచే చోట చెవి తెరిచి ఉండాలి. మిగతా చోట్ల అది ఆ మనిషి సొంతం. కొన్నాళ్ళకు పెద్దక్కే ఆ ఎర్రవి అడిగి పెట్టుకుని విని, కడుపు పట్టుకుని నవ్వడం నా కళ్ళతో చూశాను. మొగుడి కబుర్లు వాటంతట అవే సన్నగిల్లాయి. ఆమె బెంగుళూరు బస్సు ఎక్కలేదు. పాప బడి మానలేదు.

కాబట్టి కుర్రవాళ్ళూ, మీ ఆఫీసులో ఎవరైనా హెడ్‌ఫోన్లు మర్యాద కాదంటే కోపం తెచ్చుకోకండి. ఏం పోతోందో నిదానంగా అడగండి. ప్రాణం పోతోందంటే వినండి, పరీక్షించండి, నిజమైతే తీసేయండి. పని చెడుతోందంటే పని చూపించమనండి. పిలవగానే పలకడం లేదన్నదే బాధైతే మాత్రం తగ్గకండి. లేచి ఎదురుగా వచ్చి ఒక చెయ్యి ఊపడానికి బద్ధకించి, ఆ బద్ధకానికి మర్యాద అని పేరు పెట్టేవాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. అయితే చెయ్యి ఊపినప్పుడు మీరు తీసి, నవ్వి, ఏమిటని అడగాలి. అదొక్కటి మీ వైపు బాకీ.

రిటైరయ్యాక పోయిన సీజన్లో ఒకసారి మిల్లుకు పోయాను. మిషను నడుస్తోంది. వరుసలో ఎర్ర హెడ్‌ఫోన్లు, నల్ల హెడ్‌ఫోన్లు, ఏమీ లేని తలలు. ఆ పిల్ల అదే చోట. పలక మీద మేస్త్రీ నాకు వీపు పెట్టి నిలబడి ఉన్నాడు. "మేస్త్రీ!" అని పిలిచాను. పలకలేదు. దగ్గరికి పోయి గట్టిగా అరిచాను. ఊహూ. చూద్దును కదా, ఆయన చెవులకూ ఒక పాత జత! ఆ పిల్ల కొత్తవి కొనుక్కుని తనవి ఆయనకు ఇచ్చిందని తర్వాత తెలిసింది.

చేసేది లేక ఎదురుగా పోయి, నా భుజం మీది తువ్వాలు తీసి ఊపాను. మేస్త్రీ ముఖం విప్పారింది. చెవుల మీదివి మెడ మీదికి దించుకుని, కన్ను గీటి అడిగాడు:

"ఏమన్నా, అరిసినావా, ఆవలించినావా?"